మొగల్రాజపురం మేడమీది రీడింగ్ క్లాసు: లోపల ఏం జరుగుతుంది, ఎవరికి పనికొస్తుంది

విజయవాడ మొగల్రాజపురంలో, సిద్ధార్థ కాలేజీకి దగ్గర్లో ఒక ఇంటి మేడమీద రెండు గదుల్లో నడిచే రీడింగ్ క్లాసు ఇది. చదవడం కష్టంగా ఉన్న పిల్లలకి ఒక్కొక్కరికి విడిగా, లేదంటే మహా అయితే ముగ్గురికి కలిపి చదవడం నేర్పుతారు. ఇద్దరు స్పెషల్ ఎడ్యుకేటర్లు (నేర్చుకోవడంలో ఇబ్బందులున్న పిల్లలకి నేర్పడంలో శిక్షణ పొందిన టీచర్లు), ఒక సహాయకురాలు ఉన్నారు. వీధిలోకి బోర్డు లేదు. సీట్లు ఎప్పుడూ నిండే ఉంటాయి కాబట్టి పేరు రాయొద్దని అడిగారు, రాయడం లేదు. పేరు లేని రివ్యూ ఎందుకంటారా? ఇలాంటి శిక్షణకి విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఫీజు కట్టేముందు ఏం చూసుకోవాలో తెలియాలంటే, సరిగ్గా నడిచే ఒక క్లాసుని లోపలినుంచి చూడాలి. దీనికీ లోపాలున్నాయి. అవీ రాశాం.

తెలుగు చదివించడంలో ఈ క్లాసుకి నిండు మార్కులు వేస్తాం. ఇంగ్లీషు బాగానే ఉంది. చదివింది అర్థం చేసుకోవడం మీద మాత్రం పెట్టాల్సినంత సమయం పెట్టడం లేదు.

మొదటి రెండు రోజులు పాఠం ఉండదు. పిల్లవాడు ఎక్కడిదాకా చదవగలుగుతున్నాడు, ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నాడు అన్నది పట్టుకోవడానికే ఆ రెండు రోజులూ, రోజుకి 40 నిమిషాల చొప్పున. ముందు విడి అక్షరాల కార్డులు, వరస కలిపేసి. తర్వాత గుణింతపు అక్షరాలు, అవీ వరస లేకుండానే. తర్వాత ఒత్తులున్న పదాలు. ఆ పైన 'టిమప', 'గేలుడ' లాంటి అర్థంలేని పదాలు. ఈ చివరివి చూసి తల్లిదండ్రులు కంగారు పడతారు గానీ, అసలు పరీక్ష ఇదే. 'పలక', 'అరటి' పాఠంలో వందసార్లు చూసిన పదాలు. వాటిని పిల్లవాడు అక్షరాలు కూడి చదివాడో, మొత్తంగా బొమ్మలా గుర్తుపట్టి చెప్పాడో పైకి తెలియదు. 'గేలుడ' ని ఎవరూ బట్టీ పట్టి ఉండరు. ఆ తర్వాత ఎప్పుడూ చూడని ఒక పేరా ఇచ్చి ఒక్క నిమిషం పైకి చదవమంటారు. చివరగా టీచరే ఒక చిన్న కథ చదివి వినిపించి నాలుగు ప్రశ్నలు అడుగుతారు. చూపు, వినికిడి పరీక్ష చేయించి ఉండకపోతే ముందు అవి చేయించుకు రమ్మంటారు. అక్షరం మసకగా కనిపించే పిల్లకి రీడింగ్ క్లాసు పెట్టించి లాభమేముంది?

ఈ పరీక్షల వల్ల ఏం తేలుతుందో చూడండి. నాలుగో తరగతి పిల్లలు ముగ్గురు వచ్చారనుకుందాం, ముగ్గురికీ బడిలో 'చదవడం రాదు' అన్న ఒకే మాట రాసిచ్చారు. ఒకడు గుణింతం దాటలేదు. రెండో పిల్ల తప్పు లేకుండానే చదువుతుంది, కానీ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయేంత నెమ్మదిగా. మూడోవాడు ఇంగ్లీషు పాఠం గడగడా చదివేస్తాడు, ఏం చదివావురా అంటే ఒక్క ముక్క చెప్పలేడు. ఇంగ్లీషు మీడియం బడుల్లో ఈ మూడోరకం పిల్లలు ఎక్కువే, పైకి బాగా చదువుతున్నట్టు కనిపిస్తారు కాబట్టి ఎవరి కంటా పడరు. 1986లో గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదవడాన్ని ఒక హెచ్చవేతగా చూపించారు: అక్షరాల్ని మాటగా మార్చగలగడం ఒకటి, ఆ మాట వింటే అర్థం కావడం రెండోది. ఈ రెండింటి లబ్ధమే చదవడం. ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నాయే. కాబట్టి ముగ్గురినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి ఒకే వర్క్‌బుక్ ఇస్తే ఇద్దరి కాలం వృథా. ఇక్కడ ఆ పని చేయరు. పిల్లని బట్టి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో మారుతుంది, వేగం మారుతుంది. పాఠాల వరస మాత్రం అందరికీ ఒకటే. 'ప్రతి బిడ్డకీ వేరే పద్ధతి' అని ఊదరగొట్టే చోట్లకీ దీనికీ తేడా ఇదే.

గుణింతం నేర్పే తీరు ఈ క్లాసులో అన్నిటికంటే మాకు నచ్చిన సంగతి. క, కా, కి, కీ అని పాటలా అప్పజెప్పే పిల్లలు మన బడుల్లో కోకొల్లలు. ఆ పిల్లవాడికే 'మో' ఒక్కటీ కార్డు మీద చూపిస్తే, పెదాలు కదుపుతూ మ, మా, మి, మీ అని మొదటినుంచీ నడుచుకుంటూ వచ్చి 'మో' దగ్గర ఆగుతాడు. ఒక్కో అక్షరానికి అంత నడక నడిస్తే వాక్యం ఎప్పటికి అందుకోవాలి? ఇక్కడ ఒక అక్షరానికి గుణింతం మొత్తం చెప్పించరు. ఒక గుర్తుని తీసుకుని, వచ్చిన అక్షరాలన్నిటికీ పెడతారు. ముందు తలకట్టు అక్షరాలు ఆరో ఏడో నేర్పి వెంటనే పదాల్లోకి దిగుతారు: ప, ల, క, త, మ, ర వస్తే చాలు, పలక, కలప, కమల, మరక, కలత అన్నీ చదివేయొచ్చు. దీర్ఘం వారం, ఆ తర్వాత గుడి వారం: చిలక, పిలక, గిలక. మూడు పదాల్లో మొదటి అక్షరం తప్ప ఏమీ మారదు, పిల్ల కన్ను సరిగ్గా మారిన చోటే పడుతుంది. ఆ పై వారం గుడి దీర్ఘం: గీత, పీత, తీగ. తర్వాత గుడినీ గుడి దీర్ఘాన్నీ కలిపి గిలక, గీత, పిలక, పీత అని పక్కపక్కనే పెడతారు. ఎక్కువమంది తడబడేది అక్షరం దగ్గర కాదు, పొట్టి పొడుగు దగ్గర.

పోలిక ఉన్న అక్షరాల్ని ఒకే వారంలో నేర్పరు. ప, ష, స ఒక జట్టు. వ, మ, న ఇంకో జట్టు. 'మ', 'వు' పక్కపక్కన రాసి చూడండి, పెద్దవాళ్ళం కాబట్టి మనకి తేడా తెలుస్తోంది గానీ, కొత్తగా చూసే కంటికి అవి కవలపిల్లలు. ఒకటి బాగా కుదిరాక, కనీసం మూడు వారాలు ఆగి రెండోది మొదలుపెడతారు. వర్ణమాల చార్టు వరసలో పోతే ద, ధ ఒకే రోజు వచ్చిపడతాయి, గందరగోళం అక్కడే పుడుతుంది.

మన లిపికి తోబుట్టువు లాంటి కన్నడంలో పిల్లలు అక్షరాలు ఎంత కాలానికి నేరుస్తారో సోనాలి నాగ్ అనే పరిశోధకురాలు పరిశీలించారు. 2007లో అచ్చయిన ఆ పనిలో తేలింది, మామూలు పిల్లలకే అక్షరాలన్నీ పట్టుబడటానికి నాలుగో తరగతి దాకా పడుతుందని. ఇంగ్లీషులో 26 అక్షరాలు, మనకి అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు కలిసి వందల రూపాలు. అందుకని ఒకటో తరగతి చివర్లో ఒత్తులు రాలేదని పిల్లకి ముద్ర వేయడం తొందరపాటు. మూడో తరగతిలో గుడి, కొమ్ము ఇంకా తారుమారవుతుంటే మాత్రం ఊరుకోకూడదు.

రోజు క్లాసు 45 నిమిషాలు. పాత కార్డుల తిరగవేత ఐదు నిమిషాలు, ధ్వనుల ఆట ఐదారు నిమిషాలు, కొత్త పాఠం పది, పదాలు చదవడమూ ఉక్తలేఖనమూ పది, పేరా చదవడం పది. మిగిలిన కాస్తలో టీచర్ కథ చదివి వినిపించాలి. ఆ చివరి ముక్క గురించి తర్వాత చెప్తాం.

ధ్వనుల ఆటకి వాడేవి చింతపిక్కలు. అట్టముక్క మీద నాలుగు గళ్ళు గీసి ఉంటాయి. టీచర్ ఒక మాట అంటారు, పిల్ల దాన్ని విడదీసి పలుకుతూ ఒక్కో ధ్వనికి ఒక్కో పిక్కని గడిలోకి తోయాలి. ఎల్కోనిన్ అనే రష్యన్ మానసిక శాస్త్రవేత్త పేరుతో ప్రపంచమంతా వాడే పద్ధతే ఇది, వస్తువు మాత్రం మనది. తెలుగు పిల్లకి 'కమల' ని క, మ, ల అని విడదీయడం చిటికెలో పని. 'క' లో 'క్' వేరు, 'అ' వేరు అని వినడమే కష్టం, ఎందుకంటే మన లిపి ఆ రెండింటినీ ఒకే బొమ్మలో చుట్టి ఇస్తుంది. ఒత్తులకీ, ఇంగ్లీషుకీ కావాల్సింది సరిగ్గా ఈ వినికిడే. మేం చూసిన రోజు టీచర్ 'పెన్' అన్నారు. పిల్లవాడు 'ప్, ఎ, న్' అని మూడు తోసి, ఒక క్షణం ఆగి, నాలుగో పిక్క మీద వేలు పెట్టి 'ను' అన్నాడు. ఇంట్లో అందరూ 'పెన్ను' అంటారు, వాడి చెవికి ఆ 'ఉ' నిజంగానే ఉంది. టీచర్ తప్పు అనలేదు. "ఇంట్లో మాట పెన్ను, పుస్తకంలో మాట పెన్. రెండూ చెప్పు నాన్నా" అన్నారు. వాడు రెండూ చెప్పాడు, నాలుగో పిక్కని ఒకసారి తోసి, ఒకసారి తీసేశాడు. బస్సు, బుక్కు, కప్పు అన్నిటికీ ఇదే చిక్కు. తెలుగు నోటికి మాట చివర చాలావరకు అచ్చు కావాలి. ఇది తెలియని టీచర్ చేతిలో ఆ పిల్లవాడు 'స్పెల్లింగ్ రానివాడు' అయిపోతాడు.

ఒత్తుల దగ్గరకి వద్దాం. 'పద్మ' ని 'పదమ' అనే పిల్లలు ఎక్కువ, 'పమద' అనేవాళ్ళూ ఉంటారు. పైనున్న అక్షరంలో అచ్చు తీసేసి పొల్లు చేయాలి, కిందదాన్ని తర్వాత పలకాలి, గుణింతపు గుర్తు పైన కనిపించినా దాన్ని చివర్లో కలపాలి. కన్ను పైకీ కిందికీ తిరిగే వరస ఒకటి, నోరు పలికే వరస ఇంకొకటి. ఇక్కడ మూడు మెట్లలో నేర్పుతారు. మొదట పొల్లుతో విడదీసి 'ప - ద్ - మ' అని రాసి చదివిస్తారు, తర్వాత అదే మాట ఒత్తుతో, ఆ తర్వాత రెండూ కలగలిపి. జంట ఒత్తులు ముందు: అక్క, అన్న, అమ్మ, అత్త. ఇంట్లో మాటలు కాబట్టి నోటికి తెలుసు, కొత్తది కంటికే. వేరే అక్షరపు ఒత్తులు తర్వాత. అందులోనూ తలకట్టు తీసేస్తే సరిపోయే ఒత్తులు ముందు, రూపం మారిపోయే త, న, మ, య, ర, ల ఒత్తులు వెనక. ర ఒత్తుకి విడిగా రెండు వారాలు. అది అక్షరానికి ఎడమ వైపు నుంచి చుట్టుకొస్తుంది కాబట్టి ఎడమ నుంచి కుడికి పోయే కంటికి 'ర' ముందు తగులుతుంది, 'ప్ర' కాస్తా 'రప' అవుతుంది. 'శాస్త్రం' లాంటి మూడు హల్లుల మాటలు అన్నిటికంటే చివర.

సున్న కూడా చూసినంత సులువు కాదు. 'చెంబు' లో 'మ్', 'చెంచా' లో 'న్', 'పుస్తకం' చివర మళ్ళీ 'మ్'. తర్వాతి అక్షరం చూస్తే గానీ సున్నని పలకలేం. ముందుచూపు లేని పిల్ల సున్నని మింగేసి 'చెబు' అంటుంది. దీనికి వాళ్ళు చేసేది ఒకటే: సున్న కనిపించగానే వేలు పక్క అక్షరం మీదకి జరపడం అలవాటు చేయడం. పది రోజుల్లో వేలు అక్కర్లేకుండా పోతుందట.

పెద్ద పదాల సంగతీ మన భాషకి ప్రత్యేకం. 'చదువుకుంటున్నారు' ఒక్క మాట, అక్షరాలు ఏడు. మొదటి రెండు అక్షరాలు చూసి మిగతాది ఊహించేసే పిల్లలు 'చదువుతున్నాడు' అని వెళ్ళిపోతారు. అర్థం దగ్గరగా ఉంది కదా అని వినేవాళ్ళు వదిలేస్తారు, తప్పు అక్కడే పాతుకుపోతుంది. ఇక్కడ పెన్సిల్‌తో సన్నగా గీతలు పెట్టి చదువు, కుంటు, న్నారు అని ముక్కలు చేయిస్తారు, ముక్కలుగా రెండుసార్లు, కలిపి ఒకసారి. గీతలు పెట్టేది పిల్లే, టీచర్ కాదు.

తప్పు చదివినప్పుడు ఎలా దిద్దుతారో గమనించండి. ఏ క్లాసుని తూచాలన్నా ఇదే తక్కెడ. ఇక్కడ టీచర్ లోపల మూడంకెలు లెక్కపెట్టేదాకా నోరు మెదపరు. పిల్ల తనే దిద్దుకుంటే సరే. లేకపోతే తప్పుపోయిన అక్షరం కింద పెన్సిల్ మొన పెట్టి "ఇది చూడమ్మా" అంటారు. అప్పటికీ రాకపోతే తానే చెప్పి, వాక్యం మొదటినుంచి మళ్ళీ చదివిస్తారు. 'బొమ్మ చూసి చెప్పు', 'ఏమై ఉంటుందో ఊహించు' అన్న మాటలు మాకు ఒక్కసారి కూడా వినిపించలేదు. ఊహ అలవాటైన పిల్లకి నాలుగో తరగతిలో బొమ్మలు తగ్గిపోగానే చదువు ఆగిపోతుంది.

ఇంగ్లీషుని తెలుగుతో పాటే ఒకే నెలలో మొదలుపెట్టరు. తెలుగు గుణింతాలు సగం కుదిరాక మొదలుపెడతారు. దీనికి తల్లిదండ్రుల నుంచి గొడవ వస్తూనే ఉంటుంది, బడిలో అన్నీ ఇంగ్లీషులోనే కదా అని. మా దృష్టిలో వాళ్ళు చేసేది సరైనదే, ఎందుకంటే మాట్లాడే భాషలో అక్షరం కూడడం వస్తే ఆ పని ఏమిటో పిల్లకి అర్థమవుతుంది. అసలు తెలుగు అక్కర్లేని పిల్లలకి, అంటే బడిలో రెండో భాషగా కూడా లేనివాళ్ళకి, నేరుగా ఇంగ్లీషే చెప్తారు. ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అన్న ఆరు అక్షరాల ధ్వనులు ముందు. ఆ ఆరింటితోనే పిన్, టిన్, సిట్, ట్యాప్, న్యాప్ అన్నీ వచ్చేస్తాయి. 'సీ ఏ టీ క్యాట్, క్యాట్ అంటే పిల్లి' అన్న పాట ఇక్కడ వినపడదు. అక్షరం పేరు వేరు, ధ్వని వేరు. 'సీ, ఏ, టీ' ఎంత వేగంగా అన్నా 'క్యాట్' పుట్టదు. ధ్వని చెప్పేటప్పుడు కూడా 'బ' అనరు, 'బ్' అని పొల్లుగా తుంచి చెప్తారు. 'బ్యాట్' ని 'బ, యా, ట' అని నేర్పితే పిల్ల 'బయాట' అనే చదువుతుంది, అందులో పిల్ల తప్పు లేదు.

ఇప్పుడు నోటుబుక్కు. ఈ క్లాసులో ప్రతి పిల్లకీ ఒక గళ్ళ నోటుబుక్కు ఉంటుంది. వారానికి ఒకసారి, ప్రతిసారీ కొత్త పేరా, ఒక్క నిమిషం. సరిగ్గా చదివిన అక్షరాలు లెక్కపెట్టి చుక్క పెడతారు. పదాలు లెక్కపెట్టరు, మన పదం పొడుగుని బట్టి లెక్క మారిపోతుంది కాబట్టి. ఇంగ్లీషులో రెండో తరగతి చివరికి నిమిషానికి 100 పదాలు నడిమి స్థాయి అని చదివే వేగం మీద 2017లో వచ్చిన అమెరికా పట్టిక చెప్తుంది. కొన్నిచోట్ల ఆ పట్టికని తెలుగుకీ అంటగట్టడం మేం చూశాం, అది తప్పు. అక్కడ 'ద' (the) ఒక పదం, ఇక్కడ 'చదువుకుంటున్నారు' ఒక పదం. మొదటి చుక్క నుంచి మూడు నెలల తర్వాత చేరాల్సిన చోటికి స్కేలుతో గీత గీస్తారు. వరసగా నాలుగు చుక్కలు గీత కింద పడితే నేర్పే తీరు మార్చాల్సిందే: రోజులు పెంచడమో, ముగ్గురి జట్టు నుంచి తీసి ఒంటరిగా కూర్చోబెట్టడమో, ఒక మెట్టు వెనక్కి వెళ్ళడమో. 'ఇంకా కొన్నాళ్ళు చూద్దాం' అన్నది ఆ నోటుబుక్కులో కుదరదు. ఏ రీడింగ్ క్లాసుకి వెళ్ళినా ఇలాంటి నోటుబుక్కు చూపించమని అడగండి. లేకపోతే, గోడల మీద ఎన్ని రంగులున్నా, లేచి వచ్చేయండి.

ముగ్గురి జట్టు అనగానే మొహం ముడుచుకోనక్కర్లేదు. 2003లో అమెరికాలో రెండో తరగతి పిల్లల మీద చేసిన ఒక అధ్యయనంలో ఒకరికొకరు, ముగ్గురికొకరు చెప్పిన పాఠాలు రెండూ బాగానే పనిచేశాయి, పదిమందికొకరు చెప్పింది వెనకబడింది. జట్టులో అందరూ ఒకే మెట్టు మీద ఉండాలి, అంతే. వయసు కలిసి మెట్టు కలవని జట్టు దండగ. ఇక్కడ రెండో తరగతి పాపా ఐదో తరగతి బాబూ ఒకే బల్ల దగ్గర కనిపిస్తారు. ఆ బాబు చిన్నబుచ్చుకోకుండా పేరాలు మార్చి ఇస్తారు: అవే అక్షరాలు, కథ మాత్రం క్రికెట్‌ది.

ఇక లోపాలు. పైన చెప్పిన చివరి ఐదు నిమిషాలు, టీచర్ కథ చదివి వినిపించి మాట్లాడించే సమయం, మేం చూసిన నాలుగు క్లాసుల్లో మూడింటిలో ఎగిరిపోయింది. ధ్వని, అక్షరం, ధారాళం, పదసంపద, అర్థం అని చదవడానికి ఐదు కాళ్ళున్నాయని అమెరికా జాతీయ రీడింగ్ ప్యానెల్ 2000లో తేల్చింది. ఇక్కడ మొదటి మూడూ గట్టివి, చివరి రెండూ కుంటుతున్నాయి. గడగడా చదివి అర్థం చెప్పలేని ఆ మూడోరకం పిల్లకి ఈ క్లాసు ఇప్పుడున్నట్టుగా సరిపోదు. ఆ పిల్లకి కావాల్సింది రోజూ అరగంట కబుర్లు, కథలు, కొత్త మాటలు.

అక్షరాన్ని వేలితో గీయించే ఇసుక పళ్ళెం మీద పది నిమిషాలు పోతున్నాయి. 1930ల్లో ఆర్టన్, గిల్లింగ్‌హామ్ అనే ఇద్దరు అమెరికన్లు మొదలుపెట్టిన పద్ధతి నుంచి వచ్చిన అలవాటది. చూస్తూ, వింటూ, పలుకుతూ, వేలితో గీస్తూ నేర్చుకోవడం. ఆ పద్ధతిలో గట్టి సరుకు వరస తప్పని పాఠం, పదే పదే తిరగవేత. ఇసుక వల్ల ప్రత్యేకంగా లాభం ఉందనడానికి ఆధారాలు బలహీనం. కొత్త అక్షరానికి రెండు నిమిషాలు చాలు, మిగతా ఎనిమిదీ కథకి ఇవ్వొచ్చు.

ఇంటికిచ్చే కాగితాల్లో సూచనలు ఇంగ్లీషులో ఉంటున్నాయి. రాత్రి పది నిమిషాలు చదివించాల్సింది అమ్మో నానమ్మో అయినప్పుడు ఆ సూచన తెలుగులో ఉండాలి. చెప్పాం, మారుస్తామన్నారు. గదిలో మూడు బల్లలు పక్కపక్కనే ఉండటంతో ఒక బల్ల దగ్గర ఉక్తలేఖనం ఇంకో బల్ల దగ్గర పిల్ల చెవిన పడుతుంది, ధ్వని మీద దృష్టి పెట్టాల్సిన పిల్లకి ఇది చిన్న ఇబ్బంది కాదు. వేసవి సెలవుల బ్యాచిలో జట్టు ఎనిమిదికి పెరుగుతుంది. ఆ రెండు నెలలూ చేర్పించకండి, జూన్‌లో చేరండి.

'మేం చేయం' అని వాళ్ళు చెప్పేవి కూడా తెలుసుకోవాలి. డిస్లెక్సియా (తెలివి బాగానే ఉన్నా అక్షరాలు కూడి చదవడం మాత్రం కష్టమయ్యే ఇబ్బంది) ఉందని సర్టిఫికెట్ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో స్పెసిఫిక్ లెర్నింగ్ డిసెబిలిటీ ఒకటి, డిస్లెక్సియా దాని కిందికే వస్తుంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటేనే చట్టంలోని రిజర్వేషన్ లాంటివి వర్తిస్తాయి. ఆ సర్టిఫికెట్ ప్రభుత్వం గుర్తించిన వైద్యాధికారులే ఇవ్వాలి. సీబీఎస్ఈ పరీక్షల్లో గంటకి 20 నిమిషాలు అదనపు సమయం లాంటి వెసులుబాట్లకి కాగితం తప్పనిసరి. పరీక్ష ఇంగ్లీషులో ఒక్కటే చేసి పిల్లకి ముద్ర వేస్తుంటే, తెలుగులో కూడా చదివించి చూడమని గట్టిగా అడగండి. జాతీయ మెదడు పరిశోధనా కేంద్రం తయారుచేసిన డాలీ అనే డిస్లెక్సియా పరీక్ష 2015లో విడుదలైనప్పుడు హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషల్లోనే వచ్చింది. ఇంట్లో వినని భాషలో తడబడటం వేరు, రోజూ మాట్లాడే తన భాషలోనే తడబడటం వేరు.

రంగు అద్దాలు, రంగు కాగితాలు, కంటి వ్యాయామాలు ఇక్కడ లేవు. డిస్లెక్సియాకి అవి పనిచేస్తాయనడానికి ఆధారం లేదని అమెరికా పిల్లల డాక్టర్ల, కంటి డాక్టర్ల సంఘాలు 2009లోనే కలిసి చెప్పాయి. మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ అని కళ్ళకి గంతలు కట్టి చదివించే చోట్లకి పిల్లని తీసుకెళ్ళి డబ్బు, అంతకంటే విలువైన రెండో మూడో తరగతుల కాలం పోగొట్టుకోకండి. చేతిరాత క్లాసుతో, చూచిరాతతో కూడా చదువు రాదు. చూచిరాతలో పిల్ల అక్షరాల బొమ్మలు దించుతుంది, ఒక్క ధ్వనీ పలకదు. 'మూడు నెలల్లో డిస్లెక్సియా మాయం' అన్న మాట ఎక్కడ విన్నా వెనక్కి తిరగండి. చదవడం మెరుగవుతుంది, చాలా మెరుగవుతుంది, కానీ అది నెలల పని, కొందరికి ఏళ్ళ పని.

ఇద్దరు ఎడ్యుకేటర్లకీ, స్పెషల్ ఎడ్యుకేటర్లని నమోదు చేసే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ నంబరు ఉంది, అడగ్గానే చూపించారు. మండలి వెబ్‌సైట్‌లో నంబరు సరిచూసుకోవచ్చు. ఎవరి దగ్గర చేర్పించినా ఇది అడగడానికి మొహమాటపడకండి.

వారానికి నాలుగు రోజులు, ఒంటరి క్లాసుకి నెలకి 7,500 రూపాయలు, జట్టులో అయితే 4,000. మొదటి రెండు రోజుల పరీక్షకి విడిగా 1,500. తక్కువేమీ కాదు. గుంటూరు నుంచి, తెనాలి నుంచి వచ్చేవాళ్ళకి ప్రయాణమే పెద్ద సమస్య. సాయంత్రం బడి అయ్యాక గుంటూరులో బస్సెక్కి ఇక్కడికి వచ్చేసరికి పిల్ల కళ్ళు వాలిపోతాయి. అలాంటివాళ్ళకి శని, ఆదివారాలు ఇక్కడ, మధ్యలో రెండు రోజులు వీడియో కాల్‌లో 25 నిమిషాల చొప్పున చెప్తున్నారు. కార్డులు, చింతపిక్కలు రెండో సెట్ ఇంటికిస్తారు. చిన్న ఫోన్ తెరలో కుదరదు, ల్యాప్‌టాప్ కావాలి. పెద్దవాళ్ళు ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. ఊళ్ళో వాళ్ళకైనా పొద్దున 7 గంటల స్లాటు సాయంత్రం 6 గంటల కంటే ఎన్నో రెట్లు నయం, కార్పొరేట్ బడి పిల్లలకి మరీను.

ఈ ఫీజు కట్టలేనివాళ్ళు ముందు మండలంలోని భవిత కేంద్రంలో అడగండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద నడుస్తాయి, రిసోర్స్ టీచర్లు ఉంటారు, డబ్బు కట్టనక్కర్లేదు. అక్కడ రకరకాల వైకల్యాల పిల్లలు ఉంటారు కాబట్టి చదవడానికే అంటూ దొరికే సమయం తక్కువ. ఇంట్లో రాత్రి పది నిమిషాలు తోడైతే అదీ పనికొస్తుంది. చదివించడానికి స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా, స్థాయిల వారీగా ఉన్నాయి. మొదటి స్థాయి నుంచే మొదలుపెట్టండి, పిల్ల ఐదో తరగతి అయినా సరే. ఇరవై మాటల్లో ఒకటి కంటే ఎక్కువ తప్పుతుంటే ఆ కథ ఇంకా పెద్దది, పక్కన పెట్టండి.

మొదటి రోజు వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళాల్సినవి: బడి తెలుగు, ఇంగ్లీషు నోటుబుక్కులు, దిద్దినవి కాకుండా పిల్ల సొంతంగా రాసినవి. ప్రభుత్వ బడి పిల్లలైతే ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండే పాఠ్యపుస్తకం కూడా, ఏ పేజీ చదువుతూ వస్తోందో వాళ్ళు చూస్తారు. కంటి, చెవి పరీక్ష రిపోర్టులు. నీళ్ళ సీసా, మేడమీద గది కాబట్టి ఎండాకాలం ఫ్యాను గాలి సరిపోదు. మెట్లు ఇరుకు, రెయిలింగ్ ఒకవైపే ఉంది, చిన్నపిల్లల్ని చెయ్యి పట్టుకుని ఎక్కించండి. బండి వీధి మొదట్లోనే పెట్టుకోవాలి.